వెయ్యిన్ని తొంభై

3వ తేదీ, సోమవారం

నా రాత బాగుండదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో నాకు ఎప్పుడూ అనుమానమే. ఏడో తరగతి దాకా వెళ్లాను, అందులో సగం రోజులు చెల్లెల్ని చంకనేసుకుని బడి గుమ్మం దగ్గర నిలబడినవే. తప్పులుంటే మన్నించాలి. మన్నించాల్సింది కూడా నేనేలే, ఇది ఇంకెవరూ చదవరు.

ఈ ఇంట్లో నా నోటికి ఒకటే పని, అంకెలు చదవడం. మిగతా మాటలు ఎక్కడో ఒకచోట పెట్టుకోకపోతే కడుపు ఉబ్బి చస్తాను. అందుకని రాస్తున్నాను.

ముందుగదే వర్క్‌షాపు. చిన్న విమానాల్లో ఉండే పెట్టెలు ఇక్కడ బాగుచేస్తారు. కింద టవర్ వాళ్లు రేడియోలో ఎవరు నువ్వని అడిగితే పైనున్న పెట్టె జవాబు చెప్పాలి. రేడియో స్టేషన్‌కి నంబరు ఉన్నట్టే, ఆ జవాబు వెయ్యిన్ని తొంభై మీద రావాలి. మూడు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. అంతకు మించితే టవర్ తెర మీద ఆ విమానం లేనట్టే. దానికేదో పొడుగు పేరుంది, మేమందరం పెట్టె అనే అంటాం.

పెట్టె కిటికీ పక్క బల్ల మీద ఉంటుంది. ఆ అంకె చూపించే మిషన్ పేరు కౌంటర్, అది ఎదుటి గోడకున్న ఇనుప అలమరలో ఉంటుంది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని స్క్రూ తిప్పుతుంటే అలమర దగ్గర నిలబడి అంకె పైకి చదవాలి. అదీ నా ఉద్యోగం. ఇవాళ కూడా అక్క వంటింట్లోంచి అంది, గట్టిగా చదవమ్మా, మొగుడికే కదా చెబుతున్నావు, పరాయి మగాడికా అని. అక్క అంటే నా అక్క కాదు, బావగారి భార్య. నాకు సొంత అక్క లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

5వ తేదీ, బుధవారం

బల్ల మీదుండే తెర, చిన్న టీవీ లాంటిది, వెనకగదిలోకి పోయింది.

పెళ్లయిన కొత్తలో ఆయన నాతో ఏకధాటిగా మాట్లాడింది ఒక్కసారే, అదీ ఈ తెర గురించే. పెట్టె ఆగకుండా మాట్లాడదట. చిన్న చిన్న తునకలుగా మాట్లాడుతుంది, మధ్యలో అంతా మౌనం. కౌంటర్ ఆ తునక లోపల మాత్రమే తలుపు తీసి లెక్కపెట్టాలి. తునక మొదలవకముందే తలుపు తీసినా, అయిపోయాక మూసినా, ఖాళీని కూడా కలుపుకుని అంకె తక్కువ చెబుతుంది. చిక్కేమిటంటే ఆ తప్పుడు అంకె కూడా కదలకుండా నిలబడుతుంది, నిజం అంకెలాగే. అందుకని ముందు తెర మీద చూసుకోవాలి. తునక అరుగులాగా కనిపిస్తుంది, దాని మీద ఒక వెలుగు గీత. తలుపు తీసి ఉన్నంతసేపూ ఆ గీత. అది అరుగు మధ్యలో కూర్చోవాలి, అంచు దాటి బయటికి కాళ్లు వేలాడేయకూడదు. దాన్ని జరపడానికి కౌంటర్ మీద తిప్పే నాబ్ ఒకటి ఉంది. ఆ రోజు ఆయన అంత బాగా చెప్పారు. అలాంటి మాటలే చెబుతారని చాలా రోజులు ఎదురుచూశాను.

బావగారు ఇవాళ తెరని ఎత్తించేశారు. అక్క తమ్ముడు పని నేర్చుకోవడానికి వస్తాడట, అతనికి బల్ల మీద చోటు కావాలి. ఎప్పుడొచ్చినా పెద్ద సూట్‌కేసుతో వస్తాడు, అందుకని నేను మనసులో అతన్ని సూట్‌కేసు అనే పిలుస్తాను. అంకె నిలబడుతోంది కదా, ఇంకా తెర దేనికి, దాని ముందు కూర్చుంటే రోజుకి ఒక పెట్టె కూడా తెమలదు అన్నారు బావగారు. ఆయన సరే అన్నయ్యా అన్నారు.

ఆయన ఎప్పుడూ సరే అన్నయ్యా అనే అంటారు. పెద్దవాళ్ల మాట జవదాటని మనిషి దొరకడం అదృష్టం.

6వ తేదీ, గురువారం

చెల్లెలి ఇంట్లో. ఆడపిల్ల పుట్టింది, పిడికిలి విప్పడం లేదు.

బావగారే స్కూటర్ మీద బస్టాండులో దింపారు. ఆయన రాలేకపోయారు, పోస్టు విమానం పెట్టె తొందర పనట. అంకెలు అక్క చదువుతుందట. చదవనీ. నిలబడి నిలబడి కాళ్లు పీకితే అప్పుడు తెలుస్తుంది.

9వ తేదీ, ఆదివారం

వచ్చేశాను. నేను లేనప్పటి దుమ్మంతా జాగ్రత్తగా నాకోసం దాచిపెట్టారు. ముందుగది తుడిచాను. అలమర, బల్ల, కిటికీ చువ్వలు. పొడిగుడ్డతోనే తుడిచాను.

పాప ఎలా ఉందని అత్తగారు అడిగారు. చెప్పాను, ఆవిడకి వినపడలేదు. రెండోసారి చెప్పబోతే అక్క అందుకుని, బాగానే ఉందట అత్తయ్యా, మళ్లీ ఆడదేనట అంది. చెల్లెలికి ఇది మొదటి కాన్పు. మళ్లీ ఎక్కడినుంచి వచ్చింది.

10వ తేదీ, సోమవారం

పొలాలకి మందు చల్లే విమానాలవి రెండు పెట్టెలు. రెండూ మొదట తక్కువ చూపించాయి. ఆయన స్క్రూ తిప్పుతూ పోయారు, నేను చదువుతూ పోయాను. వెయ్యిన్ని తొంభై దగ్గర రాయిలా నిలబడింది. ఈసారి కొత్త పెట్టెలు కూడా తక్కువే చూపిస్తున్నాయేమిటో అన్నారు ఆయన, నాతో కాదు, స్క్రూడ్రైవర్‌తో.

13వ తేదీ, గురువారం

మందు చల్లే పైలట్ వచ్చాడు. చెప్పులు విప్పలేదు. పెట్టెలు రెండూ బల్ల మీద పెట్టిన తీరుకి కిటికీ అద్దం అదిరింది.

పొద్దున మబ్బులో ఉండగా ఇంకో విమానం అతని కిందుగా దూసుకుపోయిందట, దాని తోక మీద రాసిన అక్షరాలు చదివేంత దగ్గరగా. టవర్ వాడిని అడిగితే నువ్వసలు నా తెర మీదే లేవు అన్నాడట. మందు చల్లే రెండో విమానానికీ అదే వరస. అంకె నిలబడిందే అన్నారు బావగారు. అతను కేకలు వేయలేదు. బావగారి వంక చూసి మెల్లగా అన్నాడు, "నా పెళ్లానికి ఏం చెప్పమంటారు? అంకె నిలబడింది, మొగుడు నిలబడలేదని చెప్పమంటారా?"

బావగారు లేచారు. అలమర పైనుంచి పాత మీటరు దించారు. డయల్ తిప్పుతూ ముల్లు ఎక్కడ పడిపోతుందో చూసి చెప్పే రకం, కౌంటర్ వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండు పెట్టెలూ వెయ్యిన్ని తొంభైఆరు దగ్గర ఉన్నాయి.

తెర మళ్లీ ముందుగదిలోకి వచ్చింది. గీత చూస్తే అరుగు అంచు దాటి బయటికి వేలాడుతోంది. నాబ్ ఎవరో కదిపారు.

నేను అలమర దగ్గరే నిలబడి ఉన్నాను. అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

14వ తేదీ, శుక్రవారం

ఆదివారం తుడిచింది ఎవరు, నేను. గుడ్డ తగిలి నాబ్ తిరిగింది. అంతే, తీర్పు అయిపోయింది. అక్క పొద్దుటినుంచి కారాలు మిరియాలు నూరుతోంది. దుమ్ము తుడవమంటే విమానాలు తుడిచిపెట్టేలా ఉంది మహాతల్లి అంటోంది. అన్నాక తన మాటకి తనే నవ్వుకుంది. చదువు లేని దాన్ని మిషన్ల మధ్య తిప్పితే ఇంతే అని అత్తగారికి చెవిలో చెప్పింది. అత్తగారి చెవిలో చెప్పిన మాట వీధి చివర దాకా వినిపిస్తుంది.

ఇన్‌స్పెక్టర్ వస్తాడట. వర్క్‌షాపుకి సర్కారు ముద్ర ఉంటుందో ఊడుతుందో అప్పుడు తెలుస్తుంది. ఈలోగా నన్ను మా నాన్న దగ్గరికి పంపేయాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు, నేను ఆ గదిలోనే కంచాలు తీస్తుండగా. నాన్న ఇంట్లో పిన్ని ఉంది. నేను గుమ్మం దిగిన రోజునే నా మంచం అమ్మేసింది.

నాబ్ నాకు తగల్లేదు. అది బిగువుగా ఉంటుంది, రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే గాని కదలదు. నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. ఆయన ఏమీ అనలేదు. తలనొప్పిగా ఉండుంటుంది.

15వ తేదీ, శనివారం

ఇవాళ సాయంత్రం ఆయన నన్ను పెరట్లోకి పిలిచారు. స్టూలు వేసి కూర్చోమన్నారు. నాకు భయం వేసింది, ఇంతవరకు ఆయన నాకు స్టూలు వేయలేదు.

నాబ్ జరిపింది ఆయనేనట. బుధవారం సాయంత్రం తెరని వెనక్కి పంపేసిన తరవాత, పొడుగు కేబుల్‌తో ఏదో పని చేశారు. పొడుగు కేబుల్‌లో తునక ఆలస్యంగా వస్తుంది కాబట్టి నాబ్ జరిపారు. తిరిగి వెనక్కి పెట్టడం మరిచిపోయారు. తెర ఎదురుగా ఉంటే కనిపించేదే, లేదు. అంకె చూస్తే నిలబడే ఉంది.

ఈ సంగతి అన్నయ్యకి తెలిస్తే బల్ల ముందు కుర్చీ సూట్‌కేసుకి ఇచ్చేస్తారట. అక్క అందుకోసమే కాచుకుని కూర్చుంది. ఆ కుర్చీ పోతే ఈ ఇంట్లో తను ఎవరు, నేను ఎవరు అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు.

"గుడ్డ తగిలిందేమో అని ఒక్క మాట అను. నాలుగు రోజులు తిడతారు, మరిచిపోతారు. నీకు నేను లేనా?"

ఆయన ఇంత మెత్తగా మాట్లాడతారని నాకు తెలియదు. ఇన్నాళ్లూ పని ఒత్తిడిలో ఉన్నారు పాపం.

16వ తేదీ, ఆదివారం

ఒప్పుకున్నాను. గుడ్డ తగిలిందేమో అన్నాను. ఏమో ఏమిటి, తగిలింది అను అంది అక్క. తగిలింది అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

18వ తేదీ, మంగళవారం

నాన్న దగ్గరికి పంపడం ఆగింది. దానికి బదులు ముందుగదిలోకి రావద్దన్నారు. అంకెలు సూట్‌కేసు చదువుతున్నాడు. ఎంత గట్టిగా అంటే వీధిలో కూరలమ్మే మనిషి ఉలిక్కిపడి చూశాడు.

బట్టలు జాడిస్తుంటే తట్టింది. ఆయన నాబ్ జరిపింది బుధవారం. పోస్టు విమానం పెట్టె చేసింది గురువారం. మరి అదీ తప్పే కదా.

ఆ పైలట్ నాకు తెలుసు. ముసలాయన. ఉత్తరాలు, మందుల పార్సెళ్లు కొండల అవతలికి తీసుకెళ్తాడు. పెట్టె తీసుకోవడానికి వచ్చినప్పుడు కుర్చీ ఇచ్చినా కూర్చోడు, గుమ్మంలోనే టీ తాగి గ్లాసు తనే కడిగి పెడతాడు. నన్ను అంకెలమ్మగారూ అంటాడు. నేను ఒక్కసారి కూడా బదులు చెప్పలేదు, సిగ్గేసి లోపలికి పారిపోయేదాన్ని.

ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు అడిగాను. ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది.

"దాన్ని వెనక్కి రప్పిస్తే గురువారం సంగతి బయటపడుతుంది. గురువారం నువ్వు లేవు. అప్పుడు ఆదివారం గుడ్డ కథ నిలవదు. అర్థమైందా?"

మరి ఆ ముసలాయన మబ్బులో వెళ్తాడు కదండీ అన్నాను.

అటువైపు ఆకాశంలో ఎంతమంది తిరుగుతారని, ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్లాక మెల్లగా తెప్పించి సరిచేస్తానులే అన్నారు. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది.

చేస్తారు. అన్న మాట తప్పే మనిషి కాదు.

19వ తేదీ, బుధవారం

పొద్దుటినుంచి మబ్బు. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు కూడా కనిపించడం లేదు.

చేస్తారు అని నిన్న రాశాను. పైన చదువుకుంటే ఇంకెవరో రాసినట్టుంది.

అదే రోజు, సాయంత్రం

ఒక విమానం చప్పుడు వినపడింది. చేతిలో గిన్నె పట్టుకుని, అది పోయేదాకా నిలబడ్డాను. అక్కకి కూడా వినపడింది. గురువారం అంకెలు చదివింది ఆవిడే, అప్పుడూ మొదట తక్కువే వచ్చి ఉంటాయి. పెట్టె ఎక్కడికి పోయిందో, ఎవరి విమానంలో ఉందో ఆవిడకి తెలుసు. నా వైపు చూసి, గిన్నె తోమడం ఇంతసేపా, అంది.

ఇద్దరూ ఒకటే గురువారాన్ని మింగి కూర్చున్నారు. ఆయనేమో కుర్చీ కోసం. ఆవిడ దేనికోసం? నామీద ఉన్న మాట నామీదే ఉండడం కోసం, అంతే. ఆవిడ మీద నాకున్న కోపం గురించి రాయాలంటే ఈ పుస్తకం చాలదు. ఆయన మీద ఉన్నది రాయడానికి చెయ్యి రావడం లేదు.

20వ తేదీ, గురువారం

వెళ్లాను.

సబ్బు అయిపోయిందని చెప్పి సంచి పట్టుకుని బయల్దేరాను. విమానాల మైదానానికి కంచె పక్కన మట్టి రోడ్డు ఉంది, చెప్పులకి బురద అంటుకుని ఒక్కోటి ఇటుకంత బరువైంది. గేటు దగ్గర కాపలా మనిషి ఎవరు కావాలమ్మా అన్నాడు. పేరు తెలియదు. ఉత్తరాల విమానం ముసలాయన అన్నాను. అతను నవ్వి చేత్తో చూపించాడు.

పైలట్ విమానంలోకి సంచులు ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి, అంకెలమ్మగారు ఇక్కడికొచ్చారేమిటి అన్నాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. నేల వంక చూస్తూ చెప్పాను.

"మీ పెట్టె కూడా తప్పేనండీ. ఇవాళ వెళ్లకండి."

ఎవరు చెప్పమన్నారమ్మా అని అడిగాడు. ఎవరూ చెప్పమనలేదండీ అన్నాను. ఎక్కించిన సంచులు పైలట్ ఒక్కొక్కటిగా కిందికి దించడం మొదలుపెట్టాడు. నేను కూడా ఒక సంచి పట్టుకున్నాను, బరువుగా ఉంది, లోపల సీసాలు కదిలాయి.

సబ్బు కొనడం మరిచిపోయాను. అక్క ఖాళీ సంచి చూసింది, చెప్పులు చూసింది.

21వ తేదీ, శుక్రవారం

పైలట్ పెట్టె తనే మోసుకొచ్చాడు. బావగారు పాత మీటరు పెట్టి చూశారు. వెయ్యిన్ని తొంభైఆరు. తెర ముందు కూర్చుని గీత మధ్యలో ఉందని చూసుకుని, ఆయన చేతే సరిచేయించారు. పైలట్ అంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ మంచి మనసుతోనే అన్నాడు, మీ అంకెలమ్మగారు వచ్చి చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే నిన్న కొండల మీద మబ్బులో ఉండేవాణ్ణి అని.

అతను వెళ్లాక బావగారు వీధి తలుపు మూశారు. పగలు ఆ తలుపు మూయడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఈ పెట్టె ఏ రోజు చేశామని అడిగారు.

ఆయన నా వంక చూడలేదు. "సోమవారం అన్నయ్యా. ఆ రెండిటితో పాటే," అన్నారు.

సోమవారమే, ఈవిడే నిలబడి చదివింది, నేను వంటింట్లోంచి విన్నాను అంది అక్క. మరిదినీ వదిననీ ఒక మాట మీద చూడడం నాకు అదే మొదటిసారి.

బావగారు చేతిలో స్కూటర్ తాళం తిప్పుతున్నారు. బావగారికి తెలుసు. పోస్టు విమానం పెట్టె తొందరని చెప్పి నన్ను గురువారం బస్టాండులో దింపింది తనే. నా ముఖంలోకి చూశారు. కాస్త సేపు నిజం చెబుతారనే అనుకున్నాను. తెరని వెనకగదికి పంపింది ఎవరో కూడా తనకి గుర్తొచ్చి ఉంటుంది.

"సోమవారమే అయ్యుంటుంది," అన్నారు.

తరవాత సంగతులన్నీ గబగబా తేల్చేశారు. చేసిన తప్పు చాలక ఇంటి గుట్టు మైదానంలో చెప్పి వచ్చాను కాబట్టి, అక్కకి క్షమాపణ చెప్పి మూల పడి ఉండాలి, లేదా ఇల్లు వదిలి వెళ్లాలి. ఇన్‌స్పెక్టర్ అడిగితే మాత్రం గుడ్డ నాదే. అందరూ నేను చెప్పబోయే క్షమాపణ కోసం ఎదురుచూస్తున్నారు. అక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది కూడా.

నేను మెల్లగా అన్నాను.

"ఆ పెట్టెకి అంకెలు నేను చదవలేదండీ. గుడ్డ కూడా తగల్లేదు."

ఏమందీ, ఏమందీ అని అత్తగారు అందరినీ అడిగారు. కొడుకుని అడిగారు, కోడలిని అడిగారు, చిన్న కొడుకు భుజం పట్టుకుని కుదిపారు. ఆవిడకి ఎవరూ తిరిగి చెప్పలేదు.

22వ తేదీ, శనివారం

చీరలు సర్దుకున్నాను. నాన్న దగ్గరికి కాదు, చెల్లెలి దగ్గరికి. దానికి ఇంకా ఒంట్లో బాగాలేదు, మనిషి సాయం కావాలి. చెల్లెలి మొగుడు ముఖం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ, మాడిన ముఖాలు నాకు అలవాటే.

పొద్దున ఆయన గుమ్మంలో నిలబడ్డారు. ఒక్క మాట అనేస్తే పోయేదానికి ఎందుకింత పంతం అన్నారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్లాక నేనే వచ్చి తీసుకొస్తాను అన్నారు. రావద్దని చెప్పాను. నిజంగానా అన్నారు. నిజమేనండీ అన్నాను. ఆయనకి కాస్త తేలికైనట్టు కనిపించింది, ఆ సంగతి ఆయనకి తెలియదు. వదిన పిలిస్తే వెళ్లిపోయారు.

ఈ పుస్తకం మొదటినుంచి చదువుకున్నాను. రాతలో తప్పులు అనుకున్నంత లేవు. వేరే తప్పులున్నాయి, ప్రతి పేజీ చివరా ఆయన కోసం రాసినవి. తలనొప్పి అట, పని ఒత్తిడి అట, మాట తప్పే మనిషి కాదట. కొట్టేద్దామని కలం పెట్టి కూడా కొట్టేయలేదు. అలాగే ఉండనీ.

నాతో తీసుకెళ్లను. కౌంటర్ మీద కప్పే గుడ్డ కింద పెట్టి వెళ్తాను. ఆ గుడ్డ ఎత్తేది మీరొక్కరే. ఇంతవరకు మిమ్మల్ని ఆయన అనే రాశాను, ఈ ఒక్కచోటే మీరు అంటున్నాను. చదవండి, చదవకపోండి. తరవాత పొయ్యిలో పడేయండి. మీరు పడేస్తారు, నాకు తెలుసు. ఆ పనికి పక్కన నిలబడి ఎవరూ అంకెలు చదవక్కర్లేదు.